కడుపుతో ఉన్న మనిషి ‘బతకాలని లేదు’ అంటే ఇంట్లోవాళ్ళు ఏం చేయాలి

ఇది చదువుతున్నది కడుపుతో ఉన్న మీరే అయి, చనిపోవాలన్న ఆలోచన ఇప్పుడే తలలో తిరుగుతుంటే, మిగతాది తర్వాత చదువుకోవచ్చు. ముందు 14416కి ఫోన్ చేయండి. టెలిమానస్ అంటారు. ప్రభుత్వానిదే, డబ్బులు పడవు, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఆ నంబరు కలవకపోతే 1800 891 4416. ఫోన్ చేసే ఓపిక కూడా లేదంటే పక్క గదిలో ఉన్న మనిషిని లేపి ‘నన్ను ఒంటరిగా వదలొద్దు’ అనండి చాలు. ఎందుకో ఆ రాత్రే చెప్పనక్కర్లేదు. ఇప్పటికే ఏదైనా చేసుకుని ఉంటే, చేసుకుంటారన్న భయం ఉంటే 108 లేదా 112.

ఇక మిగతాది ఇంట్లోవాళ్ళకి. భర్తకి, అమ్మకి, అత్తకి, అక్కకి. ముఖ్యంగా అక్కకి, ఎందుకంటే నేను అక్కగానే తప్పు చేశాను.

మా చెల్లెలికి అప్పుడు ఏడో నెల, రెండో కాన్పు. సీమంతం అయి నాలుగు రోజులు. గాజులింకా మోచేతుల దాకా ఉన్నాయి. వంటింటి గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, తల ఎత్తకుండా అంది: ‘అక్కా, నాకేమన్నా అయితే పెద్దదాన్ని నువ్వే చూసుకో. ఇంకెవరి దగ్గరా వదలొద్దు.’ నేను నవ్వేశాను. ‘పిచ్చిమొహమా, పురుడంటే ఆ మాత్రం భయం అందరికీ ఉంటుంది’ అన్నాను. అది పురుడు గురించి మాట్లాడటం లేదని నాకు అర్థం కావడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజుల్లో మేం దాని బరువు చూశాం, బీపీ చూశాం, కాళ్ళ వాపు వేలితో నొక్కి చూశాం. మనసెలా ఉందని ఒక్కళ్ళం అడగలేదు.

పదకొండో రోజు నా బీరువాలో ఒక గుడ్డసంచి కనిపించింది. అందులో పెద్దదాని బట్టలు మడతపెట్టి ఉన్నాయి. దాని ఆధార్, టీకాల కార్డు, ఎత్తుకుని పడుకునే బొమ్మ కూడా. అప్పుడు వెళ్ళి అడిగాను.

మొదటి పని: ఇది మన ఇంట్లోనూ ఉండొచ్చని ఒప్పుకోవడం

‘కడుపుతో ఉన్నావు, సంతోషంగా ఉండాలి’ అని మనం ఎంత ప్రేమగా అన్నా, సంతోషంగా లేని మనిషికి ఆ మాట నోరు మూసేస్తుంది. తనలో ఏదో లోపం ఉందనుకుంటుంది. బిడ్డకి తగులుతుందేమోనని ఏడుపు కూడా ఆపుకుంటుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం మనలాంటి దేశాల్లో గర్భిణుల్లో 15.6 శాతం మందికి, ప్రసవం తర్వాత 19.8 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంటుంది. ఎక్కువమందిలో అది డిప్రెషనే. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రిలో గర్భిణుల ఉచిత చెకప్‌కి వరసలో 20 మంది కూర్చున్నారనుకోండి, వాళ్ళలో ముగ్గురు. పక్కన కూర్చున్నవాళ్ళకి తెలియదు. చాలాసార్లు ఆ ముగ్గురికీ దాని పేరు తెలియదు. వీళ్ళందరికీ చనిపోవాలన్న ఆలోచన వస్తుందని కాదు, కానీ కొందరికి వస్తుంది. కేరళలో ప్రసూతి వైద్యులే తల్లుల మరణాలను పేర్లు బయటపెట్టకుండా ఒక్కొక్కటీ సమీక్షించుకుంటారు. రక్తస్రావం, బీపీలతో పాటు ఆత్మహత్య కూడా పట్టించుకోవాల్సిన కారణంగా వాళ్ళకి కనిపించింది. బ్రిటన్‌లోనైతే కాన్పయిన 6 వారాల నుంచి ఏడాది లోపు తల్లుల మరణాలకు నేరుగా కారణమయ్యేవాటిలో అదే ముందుంది.

కాబట్టి గాలి సోకిందా, దిష్టి తగిలిందా అన్న చర్చ పక్కన పెట్టండి. దిష్టి తీస్తే తీయండి, నాకేం అభ్యంతరం లేదు. మా అమ్మా తీసింది. కాకపోతే దిష్టి తీసిన చేత్తోనే ఆటో కూడా పిలవాలి.

రెండోది: ఏం చూడాలి

ఇక్కడో చిక్కుంది. నిద్ర పట్టకపోవడం, నీరసం, అన్నం సయించకపోవడం, ఇవన్నీ మామూలు గర్భంలోనూ ఉంటాయి. వాటిని బట్టి తేల్చలేం. గర్భం వల్ల నిద్ర లేని మనిషికి పక్కకి తిరగడం కష్టంగా ఉంటుంది. డిప్రెషన్‌లో ఉన్న మనిషి ఇల్లంతా పడుకున్నాక, ఒళ్ళు సుఖంగానే ఉన్నా, తెల్లవారుజామున మూడింటికి లేచి గోడ వైపు చూస్తూ ఉంటుంది.

అందుకని ఒంటి లక్షణాలకంటే మాటల్ని గమనించండి. ‘నా వల్ల అందరికీ ఇబ్బందే’, ‘నేను మంచి తల్లిని కాలేను’, ‘ఈ బిడ్డ నా కడుపున పడి పాపం చేసుకుంది’, ‘నేను లేకపోతేనే మీరు హాయిగా ఉంటారు.’ ఇలాంటివి రెండు వారాలపాటు దాదాపు రోజూ వినిపిస్తుంటే అది వేవిళ్ళ చిరాకు కాదు. స్కానింగ్‌లో బిడ్డ గుండె చప్పుడు వినిపించినా మొహంలో ఏమీ కదలకపోవడం చూడండి. ఇష్టంగా చూసే సీరియల్, రోజూ సాయంత్రం అమ్మకి చేసే ఫోన్ ఆగిపోవడం చూడండి. కొందరిలో ఏడుపే కనిపించదు. ఊరికే కోపం, గుండెదడ, ‘బిడ్డకేమో అయిపోతోంది’ అని పదిసార్లు డాక్టరు దగ్గరికి పరుగు.

వీటికంటే గట్టి సంకేతాలు వేరే ఉన్నాయి. వస్తువులు పంచిపెట్టడం, పిల్లల్ని అప్పగించే మాటలు, ఫోన్ పాస్‌వర్డులూ బ్యాంకు వివరాలూ కారణం లేకుండా చెప్పడం, క్షమించమని అడగడం. ఎన్నాళ్ళుగానో కుమిలిపోతున్న మనిషి ఒక ఉదయం ఉన్నట్టుండి తేలికగా, ప్రశాంతంగా కనిపిస్తే ‘హమ్మయ్య’ అనుకోకండి. ఏదో నిర్ణయానికి వచ్చి ఉండొచ్చు. అదే రోజు కూర్చుని మాట్లాడండి.

ఎవరిని మరింత కనిపెట్టుకుని ఉండాలంటే: ఇంతకుముందు డిప్రెషనో బైపోలారో (కొన్నాళ్ళు అతి హుషారు, కొన్నాళ్ళు అతి కుంగుబాటు ఉండే జబ్బు) వచ్చినవాళ్ళు, ఒకసారైనా ప్రాణం తీసుకోబోయినవాళ్ళు, గర్భం పోయిన బాధ ఉన్నవాళ్ళు, కోరుకోని గర్భం మోస్తున్నవాళ్ళు, తాగొచ్చిన భర్త చేతిలో దెబ్బలు తినేవాళ్ళు, ‘ఈసారైనా మగపిల్లాడు’ అన్న మాట రోజూ వినేవాళ్ళు. బిడ్డ ఆడో మగో తేలేది తండ్రి నుంచి వచ్చే క్రోమోజోమ్‌తో. అయినా మాట పడేది మాత్రం తల్లే.

మూడోది: అడగండి, సూటిగా

అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని భయపడతాం. అవదు. దీని మీద చాలా పరిశోధన జరిగింది. సూటిగా అడగడం వల్ల ఆత్మహత్య ఆలోచన కొత్తగా పుట్టదని, పైగా అడిగించుకున్న మనిషికి భారం కాస్త దిగుతుందని తేలింది.

ఎక్కడ అడగాలన్నది కూడా ముఖ్యమే. నలుగురిలో వద్దు. అత్తారింట్లో అత్త ఎదురుగా వద్దు, భర్త ఎదురుగా కూడా వద్దు, బాధకి కారణం ఆయనే కావచ్చు. ఇద్దరే ఉన్నప్పుడు, చేతిలో ఏదో పని ఉంటే ఇంకా మంచిది. మొహంలో మొహం పెట్టి అడిగితే చెప్పలేని మాట తలకి నూనె రాస్తూ అడిగితే వస్తుంది.

ఒక మెట్టు తర్వాత ఒక మెట్టుగా అడగండి.

‘ఈ మధ్య నువ్వు నువ్వులా లేవు. ఏం జరుగుతోందమ్మా?’

‘బతకడం ఎందుకు అనిపిస్తోందా?’

‘చచ్చిపోవాలని అనిపిస్తోందా?’

‘ఎలా అనేది కూడా ఆలోచించావా? ఎప్పుడని అనుకున్నావా?’

ఆ మూడో ప్రశ్న నోటికి రావడం కష్టం. నాకు గొంతు పట్టేసింది. కానీ ‘అలాంటి పిచ్చి ఆలోచనలేం లేవు కదా?’ అని మాత్రం అడగకండి. ఆ ప్రశ్నకి ‘లేవు’ అన్న జవాబు మీరే అందిస్తున్నట్టు. మా చెల్లెల్ని మామూలుగానే అడిగాను: ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత గాజులు ఒక్కొక్కటే వెనక్కి తోసుకుంటూ ‘రోజూ’ అంది.

ఆ జవాబు విన్నాక మీ పని వినడమే. ‘కడుపులో బిడ్డని పెట్టుకుని ఆ మాటలేంటి’ అనకండి. ‘పెద్దదాని మొహం చూసైనా’ అనకండి. ఆ మాటలు తను తనకి వందసార్లు చెప్పుకునే ఉంటుంది, వాటితోనే ఇంకా నలిగిపోతోంది. ‘నాన్నకి చెప్పనని ఒట్టు’ లాంటి మాట కూడా ఇవ్వకండి. ‘నాకు చెప్పి మంచి పని చేశావు. నేనిక్కడే ఉంటాను. డాక్టరు దగ్గరికి ఇద్దరం వెళ్దాం. ఎవరెవరికి చెప్పాలో కలిసి చూసుకుందాం’ అనండి. ఏడిస్తే ఏడవనివ్వండి. ఏడుపు బిడ్డకి తగలదు.

నాలుగోది: జవాబుని బట్టి ఎంత తొందర

‘ఒక్కోసారి ఎందుకీ బతుకు అనిపిస్తుంది, కానీ ఏమీ చేసుకోను’ అంటే ఒకటి రెండు రోజుల్లో డాక్టరుకి చూపించాలి. ‘చచ్చిపోవాలని ఉంది’ అంటే ఈ రోజే. ఎలా చేసుకోవాలో అనుకుంది, దానికి కావలసింది దగ్గర పెట్టుకుంది, ఎప్పుడో కూడా అనుకుంది అంటే ఈ గంటే. అప్పుడు మంచి రోజూ చూడకూడదు, ‘రేపు ఆయన వచ్చాక’ అనీ అనుకోకూడదు. పెద్ద ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి, దారిలో ఒక్కతినే కూర్చోబెట్టకండి.

లేనివి వినిపిస్తున్నాయన్నా, కనిపిస్తున్నాయన్నా, బిడ్డ గురించి వింత నమ్మకాలు మాట్లాడుతున్నా, రెండు మూడు రోజులుగా నిద్రే లేకుండా హుషారుగా తిరుగుతున్నా అదీ ఈ గంట లెక్కే.

డాక్టరు దగ్గరికి వెళ్ళే లోపు, తిరిగొచ్చాక కూడా కొన్ని వారాలు, ఇల్లు సర్దాలి. చనిపోవాలన్న తీవ్రత అలలా వచ్చి పోతుంది. చాలామందిలో ఆ ఉధృతి నిమిషాల నుంచి గంటల లోపే ఉంటుంది. ఆ కాసేపు చేతికందేది లేకపోతే మనిషి మిగులుతుంది. తను ఏ దారి గురించి అనుకున్నానని చెప్పిందో ముందు దాన్ని దూరం చేయండి. పొలం మందులు ఇంట్లోంచి పూర్తిగా తీసేయండి, పక్కూళ్ళో బంధువుల ఇంట్లో పెట్టినా సరే. అటక మీద పెట్టాం కదా అంటే కుదరదు. ఇంట్లో అందరి మాత్రలూ, మామగారి బీపీ మాత్రలతో సహా, ఒక డబ్బాలో వేసి తాళం ఒక్కరి దగ్గరే ఉంచండి. ఏ పూటది ఆ పూట చేతికివ్వండి. గదికీ బాత్‌రూముకీ లోపలి గడియలు కొన్నాళ్ళు తీయించేయండి. ఇవన్నీ తనకి చెప్పే చేయండి, ‘ఇది నీ మీద అనుమానం కాదు, ఆ ఆలోచన మీద’ అని.

రాత్రి పక్కన పడుకోవడానికి వంతులు వేసుకోండి. ఒక్క అమ్మే పదిరోజులు మేలుకుంటే పదకొండో రోజు అమ్మ పడిపోతుంది.

అయిదోది: ఏ డాక్టరు, అక్కడ ఏం చెప్పాలి

మన ఇళ్ళలో సైకియాట్రిస్టు అనగానే ‘పిచ్చి డాక్టరా’ అంటారు. ఆ గొడవ పడే ఓపిక లేకపోతే ఎప్పుడూ చూపించుకునే గైనిక్ డాక్టరమ్మ దగ్గరే మొదలుపెట్టండి. లోపలికి వెళ్ళగానే ఒక్క వాక్యంలో చెప్పండి: ‘మేడమ్, ఈమెకి చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయి.’ ‘కొంచెం డల్‌గా ఉంటోంది’ అని మెత్తగా చెబితే రద్దీ ఓపీలో బలం మాత్రలు రాసి పంపేస్తారు. మా విషయంలో మొదటిసారి అదే జరిగింది. ఆ డాక్టరుని అని లాభం లేదు, బయట అరవై మంది ఉన్నారు, మేం చెప్పిందే అంత.

అక్కడ రెండు పరీక్షలు అడగండి, థైరాయిడ్, హిమోగ్లోబిన్. థైరాయిడ్ తగ్గినా, రక్తం తక్కువైనా (గర్భిణిలో హిమోగ్లోబిన్ 11 కంటే తగ్గితే రక్తహీనతే) మనిషి డిప్రెషన్‌లో ఉన్నట్టే ఉంటుంది. అయితే రిపోర్టులు వచ్చేదాకా సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్ళడం ఆపొద్దు. రెండూ ఒకేసారి ఉండొచ్చు.

కొన్నిచోట్ల పది ప్రశ్నల కాగితం ఇస్తారు. ఎడిన్‌బర్గ్ స్కేల్ అంటారు. 1987లో బాలింతల కోసం తయారైంది, గర్భిణులకీ వాడతారు. గడిచిన 7 రోజులు ఎలా ఉన్నాయో అడుగుతుంది, మొత్తం 30 మార్కులు. 13 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే డిప్రెషన్ ఉండే అవకాశం బాగా ఎక్కువని అర్థం. పదో ప్రశ్న తనకు తాను హాని చేసుకునే ఆలోచన గురించి. దానికి ‘ఎప్పుడూ లేదు’ అన్నది కాక ఇంకే జవాబు వచ్చినా, మొత్తం ఎంతైనా సరే, ఆ రోజే మాట్లాడాలి. మార్కులు తక్కువ వచ్చాయి కదా అని లేచి రాకండి.

సైకియాట్రీ విభాగం ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో ఉంటుంది, జిల్లా ఆసుపత్రుల్లోనూ చూస్తారు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. ఎక్కడికి వెళ్ళాలో తెలియకపోతే 14416 వాళ్ళనే అడగండి, దగ్గర్లో ఉన్నది చెబుతారు. బెంగళూరులోని పెద్ద మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో 2009 నుంచి తల్లీబిడ్డల్ని కలిపి చేర్చుకునే వార్డు ఉంది. వెళ్ళేటప్పుడు ఎంసీపీ కార్డు (గర్భిణికి ఇచ్చే తల్లీబిడ్డల ఆరోగ్య కార్డు), స్కానింగులు, వాడుతున్న మందుల చీటీలు అన్నీ పట్టుకెళ్ళండి.

పోలీసు కేసు భయం ఒకటి ఉంటుంది. ప్రాణం తీసుకోబోయిన మనిషిని ఆసుపత్రికి తీసుకెళ్ళకుండా ఇంట్లోనే దాచేది ఈ భయంతోనే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, విచారించి శిక్షించకూడదు. ఆసుపత్రిలో ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) అని రాసుకుంటారు. అంత మాత్రాన ఆమె మీద నేరం మోపినట్టు కాదు. చేర్చుకుంటే బిడ్డని వేరు చేస్తారేమోనన్నది ఇంకో భయం. మూడేళ్ళ లోపు బిడ్డని మామూలుగా తల్లి నుంచి వేరు చేయకూడదని అదే చట్టం చెబుతుంది.

ఆరోది: మందుల దగ్గర జరిగే తప్పులు

ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతుంది. రెండు తప్పులు.

ఒకటి, నెల తప్పిందని తెలియగానే అప్పటిదాకా వాడుతున్న మానసిక మందులు ఆ పూటే ఆపేయడం. చెప్పేది పక్కింటావిడ కావచ్చు, మెడికల్ షాపు అబ్బాయి కావచ్చు, ఒక్కోసారి ఇంటర్నెట్. ఉన్నపళంగా ఆపితే జబ్బు తిరగబెట్టే ప్రమాదం పెద్దది. డిప్రెషన్‌కి వాడే సెర్ట్రలిన్ లాంటి మందులు ఏళ్ళ తరబడి గర్భిణులకు ఇస్తున్నారు, సెర్ట్రలిన్ అయితే పాలలోకి కూడా చాలా తక్కువగా వెళ్తుంది. ఏ మందుకీ ‘నూటికి నూరుపాళ్ళు ఏమీ కాదు’ అని ఎవరూ అనరు. డాక్టరు తూచేది మందు వల్ల వచ్చే చిన్న ప్రమాదాన్నీ మందు లేకపోతే వచ్చే పెద్ద ప్రమాదాన్నీ.

సోడియం వాల్‌ప్రొయేట్ మాత్రం వేరే సంగతి. ఫిట్స్‌కీ బైపోలార్‌కీ వాడతారు. దానితో బిడ్డకి పుట్టుకతో లోపాలు, ఎదుగుదల సమస్యలు వచ్చే ప్రమాదం ఎక్కువ. ఆ మందు వాడుతున్న ఆడపిల్ల గర్భం రాకముందే డాక్టరుతో మాట్లాడి మార్పించుకోవాలి. అప్పటికే నెల తప్పి ఉంటే సొంతంగా ఆపకుండా ఆ రోజే డాక్టరుని కలవాలి. బైపోలార్‌కే వాడే లిథియం తీసుకుంటున్నా డాక్టరుకి వెంటనే తెలియాలి, రక్తపరీక్షలు తరచుగా చేస్తారు.

రెండో తప్పు, వారం వాడి ‘పనిచేయట్లేదు’ అని మానేయడం. ఈ మందులు పట్టు దొరకడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఆరు వారాలు పడుతుంది. మొదట్లో నిద్ర, ఒంట్లో ఓపిక కాస్త మెరుగవుతాయి, మనసు ఇంకా చీకట్లోనే ఉంటుంది. అందుకే మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో కాపలా సడలించకూడదు. వారానికి సరిపడా మాత్రలే రాయమని డాక్టరుని అడగండి.

జబ్బు మరీ తీవ్రంగా ఉండి, తిండీ మానేసి, ప్రాణం తీసుకోవడానికే చూస్తుంటే ఈసీటీ అనే చికిత్స చెప్పవచ్చు. జనం కరెంటు షాకు అంటారు. మత్తు ఇచ్చి, నిపుణుల కళ్ళ ముందు చేసేది. గర్భిణులకు కూడా చేస్తారు. సినిమాల్లో చూసినది మరిచిపోయి డాక్టరుని అడగండి.

మందులొక్కటే దారి కాదు. పాకిస్తాన్‌లో రావల్పిండి దగ్గర పల్లెల్లో, మన ఆశా కార్యకర్తల్లాంటి ఆరోగ్య కార్యకర్తలకి కొద్దిపాటి శిక్షణ ఇచ్చి, డిప్రెషన్‌లో ఉన్న గర్భిణుల ఇళ్ళకి పంపించారు. ఆలోచనలు ఎలా మార్చుకోవాలో కూర్చుని మాట్లాడటమే వాళ్ళ పని. 2008లో వచ్చిన ఫలితాల్లో, కాన్పయిన ఆరు నెలలకి మామూలు సేవలు అందినవాళ్ళలో 53 శాతం మంది ఇంకా డిప్రెషన్‌లో ఉంటే, వీళ్ళలో 23 శాతమే. ఆ పద్ధతినే తర్వాత గోవాలోనూ పరీక్షించారు. చెప్పొచ్చేదేమిటంటే, మీ వీధి ఆశ అక్కని తక్కువ అంచనా వేయకండి. తనకి చెప్పండి, వారానికోసారి వచ్చి కూర్చోమనండి.

ఏడోది: ఇంట్లో మారాల్సినవి

కొడుతున్న మొగుడు ఇంట్లో ఉండగా మాత్రలతో ఏం నయమవుతుంది? అలాంటప్పుడు పుట్టింటికి తీసుకురావడమే మొదటి చికిత్స. అయిదో నెలా ఏడో నెలా అన్న లెక్క వద్దు. 181 మహిళల హెల్ప్‌లైన్, జిల్లాల్లో సఖి కేంద్రాలు ఉన్నాయి. ఉండటానికి చోటు, లాయరు, పోలీసు సాయం ఒక్కచోటే చూస్తారు. 2005 గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వులు అడగొచ్చు. ఈ ప్రయత్నాలేవీ అతని ఫోన్‌లో, అతను చూసే వాట్సాప్‌లో మాట్లాడకండి.

అలాంటిదేమీ లేని ఇళ్ళలో చిన్నవే చాలా పనిచేస్తాయి. రాత్రి కనీసం అయిదారు గంటలు ఎడతెగని నిద్ర. ఉదయం పది నిమిషాలు ఎవరితోనో కలిసి నడక. పెద్ద పిల్లని బడికి దింపే పని ఇంకొకళ్ళు తీసుకోవడం. పరామర్శకి వచ్చినవాళ్ళని గుమ్మంలోనే ఆపడం, ముఖ్యంగా ‘మా కోడలు తొమ్మిదో నెల దాకా నీళ్ళు మోసింది’ అనే పెద్దమ్మల్ని. మావయ్యగారు మా ఇంట్లో ఈ ఒక్క పనీ అద్భుతంగా చేశారు. అరుగు మీద పేపరు పట్టుకుని కూర్చుని ‘అమ్మాయి పడుకుంది, మళ్ళీ రండి’ అనేవారు, అమ్మాయి లోపల మెలకువగా ఉన్నా.

ఎనిమిదోది: ఒక కాగితం

మనసు కాస్త నెమ్మదిగా ఉన్న పూట, తనతోనే, తన చేతిరాతతోనే రాయించండి. పెద్ద కాగితం వద్దు, ఎంసీపీ కార్డు కవరులో పట్టేంత.

ఆలోచన వచ్చే ముందు నాకెలా ఉంటుంది (మా చెల్లెలు రాసింది: ‘చెవుల్లో హోరు, ఎవరి మాటా వినపడదు’). అప్పుడు నేనొక్కదాన్నే చేయగలిగేది (‘మొహం కడుక్కోవడం, డాబా మీదకి కాదు, వీధి అరుగు మీదకి రావడం’). నలుగురిలోకి ఎక్కడికి వెళ్ళగలను. ఎవరికి ఫోన్ చేయాలి, మూడు నంబర్లు, ఒకళ్ళు ఎత్తకపోతే ఇంకొకళ్ళు. డాక్టరు నంబరు, 14416, 108. ఇంట్లోంచి ఏమేం తీసేయాలి. చివర్లో, బతకాలనిపించే ఒక్క కారణం, ఎంత చిన్నదైనా సరే. మా చెల్లెలు ఆ గీత ముందు చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చుని ‘పెద్దదాని జడ’ అని రాసింది. రోజూ బడికి వెళ్ళేముందు అది వేసే జడ.

ఫోన్ జాబితాలో మీ పేరుంటే, ఆ ఫోన్ రాత్రి సైలెంట్‌లో పెట్టకండి.

కాన్పయ్యాక

పురుడు వచ్చేసింది, గండం గడిచిందనుకుంటాం. అసలు జాగ్రత్త అప్పుడే పెరగాలి. కాన్పయిన మూడో నాలుగో రోజున ఊరికే కన్నీళ్ళు రావడం చాలామందిలో ఉంటుంది, రెండు వారాల్లో పోతుంది. రెండు వారాలు దాటితే అది డిప్రెషన్, చూపించాల్సిందే. వెయ్యి కాన్పుల్లో ఒకరిద్దరికి మాత్రం, ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే, ఉన్నట్టుండి మతి చలించినట్టవుతుంది. నిద్రపోదు, పొంతన లేకుండా మాట్లాడుతుంది, బిడ్డ తన బిడ్డే కాదంటుంది. దీన్ని బాలింత సన్నిలే అని చీకటి గదిలో పెట్టి పథ్యం చేయిస్తే తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ప్రమాదం. అది ఎమర్జెన్సీ. త్వరగా వైద్యం అందితే చాలామంది పూర్తిగా కోలుకుంటారు. బైపోలార్ ఉన్నవాళ్ళకి ఈ ముప్పు చాలా ఎక్కువ, కాబట్టి కాన్పు తేదీకి ముందే గైనిక్ డాక్టరూ సైకియాట్రిస్టూ మాట్లాడుకునేలా చూడండి.

రాత్రి పాలు పట్టే ఒక వంతు ఇంకొకళ్ళు తీసుకుంటే (పాలు పిండి పెట్టుకోవచ్చు) తల్లికి ఆ ఒక్క నిద్ర మందంత పనిచేస్తుంది.

అమెరికాలో ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఈ నంబర్లు రాసుకోండి: చనిపోవాలన్న ఆలోచన వస్తే 988, గర్భిణులకీ బాలింతలకీ ప్రత్యేకంగా 1-833-852-6262. ఇంగ్లిష్‌లో మనసు చెప్పుకోలేకపోతే అనువాదకుల్ని అడగొచ్చు. బ్రిటన్‌లో ఇలాంటి సాయానికి సమారిటన్స్ నంబరు 116 123. వీసా రాక మీరు పురిటికి వెళ్ళలేకపోతే, వీడియో కాల్‌లో బిడ్డని చూపించమనే ముందు ‘నువ్వు రాత్రి ఎన్ని గంటలు పడుకున్నావు?’ అని అడగండి. జవాబు చెప్పకుండా ఫోన్ బిడ్డ వైపు తిప్పేస్తే, అక్కడ దగ్గర్లో ఉన్న స్నేహితురాలి నంబరు వెతకండి.

మా చెల్లెలికి తొమ్మిదో నెల నిండాక ఆడపిల్ల పుట్టింది. మందులు ఇంకో ఏడాదికి పైగా వాడింది, డాక్టరు చెప్పాకే మెల్లగా తగ్గించి ఆపింది. ఆ చిన్నది ఇప్పుడు అంగన్‌వాడీకి వెళ్తోంది. కాగితం మాత్రం ఎంసీపీ కార్డు కవరులోనే ఉంది, మడతల దగ్గర చిరుగుతోంది. మొన్న నా నంబరు మారితే పాతది కొట్టేసి, పక్కన కొత్తది రాసుకుంది.